రైలు దొర బంగళాలో గాలి

గిద్దలూరు,
12-11-1953

అక్కయ్య సీతారత్నానికి, తమ్ముడు నాగభూషణం నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ జయలక్ష్మీ కులాసా. ఆమెకు అయిదో నెల నడుస్తున్నది. వాంతులు తగ్గినాయి. ఈ మాట ముందు రాయకుంటే తక్కింది నువ్వు చదవవని తెలుసు.

బంగళా కొని దాంట్లోకి మారినాము అక్కా. ఇకనుంచి కవరు మీద "నూనె దుకాణం వెనక ఇల్లు" అని రాయొద్దు. "రైలు దొర బంగళా" అని రాయి. రైల్వే దొర ఉన్న కాలంలో మన నాయన ఏండ్ల తరబడి ఆ ఇంటికి సరుకులు మోసినాడు. వెనక తలుపు దగ్గరే నిలబడి తిరిగి వచ్చేవాడు. ముందు గది గోడ ఏ రంగో ఆయనకు తెలియదు. ఇప్పుడు ఆ ముందు గదిలో కుర్చీ వేసుకొని నీకు రాస్తున్నా. గోడ ఆకుపచ్చ.

ఈ ఇంట్లో ఉన్నది జిల్లాలో ఇంకెవరింట్లోనూ లేదు. దొరసానికి చలి పడేది కాదంట. అందుకని దొర ఇంటి కింద గది తవ్వించి ఒక బాయిలరు పెట్టించినాడు. దానికింద మంట పెడితే వేడినీళ్ళు గొట్టాల్లో ఎక్కి ప్రతి గదికీ పోతాయి. ప్రతి గదిలో గోడకు ఆనించి ఒక ఇనప చట్రం, మనిషి పక్కటెముకల మాదిరి. దాన్ని రేడియేటరు అంటారు. అది కాగుతుంది, గది వెచ్చనవుతుంది. దొర తిరిగి వాళ్ళ దేశం పోయినాక ఎవరూ ముట్టుకోలేదు. పొగగొట్టంలో గబ్బిలాలు, బాయిలరు నిండా సున్నం పొక్కులు, కీలు కీలుకూ కారుడు. దొనకొండ రైల్వే ఫిట్టరు ఏబేలు ఆదివారం ప్రార్థన అయినాక రైలెక్కి వచ్చి, కీళ్ళకు జనుము చుట్టి, నీళ్ళు కారకుండా సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి బిగిస్తున్నాడు.

ఇదంతా ఎందుకంటావు. మనకు రాష్ట్రం వచ్చింది కదా. కర్నూలులో ఇండ్లు చాలక ఆఫీసులకు డేరాలు వేసినారు. గిద్దలూరులో కూడా ఒక కొత్త ఆఫీసు పెడతారని, దానికి బంగళా చూడటానికి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కరుణాకరంగారు జనవరిలో వస్తారని రూఢిగా తెలిసింది. ముందు భాగం ఆఫీసుకిస్తే వెనక భాగం మాకు చాలు. ఆయన మునుపు ఊటీలో పనిచేసినాడట, ఊటీ అంటే ప్రాణమట. ఊటీ మనిషిని మనం ఏం పెట్టి మెప్పించగలం? వెచ్చటి ఇల్లు పెట్టి!

ఒకటే చిక్కు. ఇంట్లో గాలి చేరింది. పొయ్యి రాజేసినప్పుడల్లా గోడ పక్కన మూలుగుతుంది. ఒక్కోసారి సుత్తితో కొట్టినట్లు తడుతుంది. ఆ గాలి పోతేగాని పని కాదు. తీస్తానని ఏబేలు అంటున్నాడు గానీ, ఇంతవరకు తీయలేకపోయినాడు.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు,
నాగభూషణం
రైలు దొర బంగళా


మార్కాపురం,
18-11-1953

భూషణానికి అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చదువుతూ చేతిలో చాట కింద పడేసినా. ఇంట్లో గాలి చేరిందని ఎంత నిమ్మళంగా రాసినావురా! ఎలుకలు చేరినాయి అన్నట్లు రాసినావు. మూలుగుతుంది, గోడ తడుతుంది, ఇంకేం కావాలి? దొరసాని ఆ ఇంట్లోనే చలిజ్వరంతో పోయిందని నాయన చెప్పేవాడు. చలి చలి అంటూ పోయిన మనిషి. నువ్వు పొయ్యి రాజేస్తే రాకుండా ఎట్లుంటుంది?

ఆ ఏబేలు ప్రార్థన చేసే మనిషంటున్నావు. దొరసాని కూడా వాళ్ళ మతమే కాబట్టి ఆయన మాట వినాలి. వినలేదంటే గట్టి గాలి. ఎందుకైనా మంచిదని అర్ధవీడు అంకన్నను పంపిస్తున్నా. మా వీధిలో ముగ్గురికి గాలి తీసినాడు. వాడు అడిగినవి లేదనకుండా ఇవ్వు. వాడు పోయేదాకా జయలక్ష్మిని ఆ గదుల్లో తిరగనీయొద్దు. ఇన్నేండ్లకు నిలిచిన కడుపు. నా మాట వింటే ఆ పిల్లను ఇప్పుడే ఇక్కడికి పంపు.

ప్రతి గదిలో రేడియేటరు ఉందని రాసినావు. గదికొక రేడియో మీ ఇద్దరికి ఎందుకు? ఒకటి ఇటు పంపు. మీ బావ వార్తలకోసం రోజూ హోటలు దాకా పోయి, వార్తలు ఒకటీ దోసెలు రెండూ తిని వస్తున్నాడు. కొత్త రాష్ట్రంలో పిల్లలందరూ బడికి పోతారని, పలకలు మనవే కొంటారని కొట్టు నిండా పలకలు చేయించి పెట్టినాడు. సభల్లో మాట్లాడిపోయిన వాళ్ళే గాని, పలక అడిగినవాడు లేడు.

చలేస్తే కుంపటి పెట్టుకోక ఈ బాయిలర్లు ఏందిరా మనకు?

మీ అక్క,
సీతారత్నం


రైలు దొర బంగళా,
గిద్దలూరు,
29-11-1953

అక్కయ్యకు నమస్కారం. ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నా, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

నువ్వు పంపిన మనిషి నీ ఉత్తరం కంటే ముందే వచ్చినాడు. వాకిట్లో నిలబడి "గాలి తీయడానికి వచ్చినా సామీ" అన్నాడు. అంతకుముందే ఏబేలు "నాకు కుదరకపోతే మావాడొకణ్ణి పంపిస్తా" అని చెప్పి పోయినాడు. వీడే వాడనుకొని లోపలికి పిలిచినా.

"సామాను ఏది?" అన్నా.

"నిమ్మకాయలు కావాల, నల్లకోడి కావాల."

నిమ్మపులుసు తుప్పు వదిలించడానికని తృప్తిపడినా. కోడి వాడి మధ్యాహ్నం భోజనానికి అనుకున్నా. మన ఇంట్లో అది కుదరదు, పని అయినాక బయట వండుకోమన్నా.

"ఏ గదిలో ఉంది?" అన్నాడు.

"పడమటి గదిలో ఎక్కువ. పైకి చేరి కూర్చుంది."

రేడియేటరు పైభాగం గురించి నేను చెప్పింది. వాడు మిద్దె దూలాల వైపు చూసి చెమట తుడుచుకున్నాడు.

"ఎప్పటినుంచి సామీ?"

"దొర పోయినప్పటినుంచి."

"మరి బయటికి పోవడానికి దారి?"

చట్రానికి ఒక పక్కనున్న ఇత్తడి బిరడా చూపించి, "దీన్ని తిప్పితే ఇందులోనుంచే పోతుంది" అన్నా. ఇంత వివరంగా చెప్పే యజమాని ఇంతవరకు దొరకలేదని వాడు నాకు దండం పెట్టినాడు. సాంబ్రాణి వేసి వేపమండలు తిప్పినప్పుడు మాత్రం, రైల్వేలో ఇట్ల చేస్తారా అని అనుమానం వచ్చింది. ప్రభుత్వ పద్ధతులు మనకేం తెలుసని ఊరుకున్నా. చివరికి మంత్రం చదివి బిరడా తిప్పినాడు. ముందు బుస్సుమన్నది. తర్వాత ఇల్లంతా పెద్ద మూలుగు. ఆ తర్వాత లోపలి తుప్పునీళ్ళు ఎర్రగా వాడి అంగీ మీద చిమ్మినాయి. వాడు కిటికీలోంచి దూకి, "దొరసాని నెత్తురు కక్కింది" అని అరుచుకుంటూ స్టేషను దాకా పరుగు. కోడి ఇక్కడే ఉంది.

మరునాడు నీ ఉత్తరం వచ్చింది. అక్కా, నేను రాసింది గొట్టాల్లో చేరిన గాలి. మనం పీల్చే గాలి. నీళ్ళను పోనీయకుండా అడ్డుపడుతుంది. దొరసాని కాదు. రేడియేటరు రేడియో కాదు, అది వార్తలు చెప్పదు.

ఇప్పుడు పాల కొండమ్మ చెంబు గేటు దగ్గర పెట్టి పోతున్నది. అంట్లు తోమే భాగ్యమ్మ మానుకుంది. ఆ పనీ జయలక్ష్మే చేసుకుంటున్నది.

అయితే నిజం చెప్పాలి. పడమటి గది ఇప్పుడు బాగా వెచ్చగా ఉంది. ఏబేలు అన్ని ఆదివారాలు తీయలేని గాలి ఆ మనిషి ఒక్క తిప్పుతో తీసినాడు. తాను ముందే నూనె పోసి పెట్టినందువల్ల బిరడా వదులైందని ఏబేలు అంటున్నాడు.

నాగభూషణం


మార్కాపురం,
6-12-1953

భూషణానికి దీవెనలు.

గాలి పోయిందని చదివి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించినా. పీల్చే గాలి అని నువ్వు ఏదో రాసినావు. నీ ధైర్యానికి నువ్వు అట్లే అనుకో.

అంకన్న ఇక్కడికి వచ్చి, దొరసాని జుట్టు పట్టి కిటికీలోంచి లాగినానని చెప్తున్నాడు. ఎర్రటి మరకల అంగీ ఉతక్కుండా అందరికీ చూపిస్తున్నాడు. ఇప్పుడు దోర్నాల నుంచి కూడా వాణ్ణి పిలుస్తున్నారు. మీ బావ పలకలకు ఈ గిరాకీలో సగం ఉన్నా చాలు.

భాగ్యమ్మ మానుకుంటే ఆ పిల్ల అంట్లు తోముకుంటున్నదా? నీళ్ళు ఎవరు తోడుతున్నారు? ఆ సంగతి ఒక్క ముక్క రాసి, ఇత్తడి బిరడా గురించి కాగితం నిండా రాసినావు. ఆమెను పంపు. నీ బాయిలరుతో నువ్వు కాపురం చేసుకో.

సీతారత్నం


రైలు దొర బంగళా,
గిద్దలూరు,
20-12-1953

అక్కయ్యకు నమస్కారం.

కరుణాకరంగారి టూరు ఖాయమైంది. జనవరి పదిహేడు. మధ్యాహ్నం భోజనం మన ఇంట్లోనే.

బాయిలరు పని దాదాపు పూర్తయింది. అడుగున పేరుకున్న సున్నం ఉలితో చెక్కించినాము. తుప్పునీళ్ళు తెల్లబడేదాకా వదిలి మళ్ళీ నింపినాము. తోలు వాషర్లు కొత్తవి వేసినాము. ఒక్క విషయంలో మాత్రం ఏబేలుతో వేగలేకపోయినా. బాయిలరు ఎక్కువ కాగితే తెలియడానికి ఏదో ఒకటి ఉండాలన్నాడు. సరే పెట్టమన్నా. పోయిన ఆదివారం పాత ఇంజను విజిలు తెచ్చి బిగించినాడు. "కూత లేని బాయిలరు నేను జన్మలో చూడలేదయ్యా" అంటాడు. అది మొన్న కూసింది. స్టేషనులో కూర్చున్నవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని ప్లాటుఫారం మీదికి ఉరికినారు. సంతకు పోయేవాళ్ళు గేటు పడుతుందని పరుగెత్తినారు. స్టేషను మాస్టరు మనిషిని పంపి, ఊళ్ళో రైలు ఎవరో ఒక్కరే నడపాలని మర్యాదగా చెప్పించినాడు. ఇక మంట తగ్గించి కాస్తున్నాము.

జయలక్ష్మిని పంపడం ఇప్పుడు కుదరదు. అంత పెద్ద ఆఫీసరు ఇంటికి వస్తుంటే ఇల్లాలు లేకపోతే ఏమనుకుంటారు? వడ్డన ఎవరు చేస్తారు? ఆయన పోయిన మరునాడే పంపుతా. ఆమెకు ఇక్కడ ఏ కష్టమూ లేదు. నమ్మకపోతే కింద ఆమే రాస్తుంది చూడు.

నాగభూషణం

వదినెకు నమస్కారములు. నేను ఇక్కడ సుఖముగా ఉన్నాను. ఏ కష్టమూ లేదు. ఇల్లు మిక్కిలి వెచ్చగా ఉన్నది. మీ తమ్ముడు చెప్పినట్లు రాసినాను. జయలక్ష్మి.


మార్కాపురం,
27-12-1953

భూషణానికి.

జయలక్ష్మి రాసిన చివరి మాట నువ్వు చదవకుండానే కవరు అంటించినావని అర్థమైంది. మేము చదివినాము. మీ బావ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టినాడు.

నాయన సంగతి ఎత్తినావు కాబట్టి చెప్తున్నా. ఆయన ఆ ఇంటి వెనక తలుపు దగ్గర నిలబడిన మాట నిజమే. సరుకు దించేది అక్కడ కాబట్టి నిలబడినాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొని, దొర తెలుగు ఎట్ల మాట్లాడినాడో మనకు చేసి చూపించి నవ్వించేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నువ్వు అప్పుడు చిన్నవాడివి, నవ్వింది గుర్తులేదు, నిలబడింది ఎవరో చెప్పగా విన్నావు. నీకున్నంత బాధ ఆయనకు ఉన్నట్టు నేను ఎన్నడూ చూడలేదు.

పదిహేడో తేదీ మీ బావ వస్తున్నాడు. ఆ ఆఫీసరు వచ్చే బండికే వస్తాడు. భోజనాలు కాగానే జయలక్ష్మిని వెంటబెట్టుకొని వస్తాడు. కాదనొద్దు.

సీతారత్నం


గిద్దలూరు,
21-1-1954

అక్కా,

బావ అంతా చెప్పి ఉంటాడు. ఆయన చూడనివి కొన్ని ఉన్నాయి. నేను కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నా.

ఆ రోజు తెల్లవారగానే బాయిలరు రాజేసినాము. వేడి బయటికి పోకుండా తలుపులు, కిటికీలు అన్నీ నేనే మూయించినా. ఆయనకు ముందు చెప్పలేదు. లోపలికి అడుగుపెట్టి ఆశ్చర్యపోవాలని నా ఆశ. కరుణాకరంగారు కోటు, టై, టోపీతో వచ్చినారు. వెనక గుమాస్తా. బావ వెనక వసారాలో కూర్చుంటానని అటు పోయినాడు. బయట ఎండ చురుక్కుమంటున్నది. కూర్చున్న కాసేపటికే ఆయన మొహం ఎర్రబడింది. తన నాడి తానే పట్టుకొని చూసుకున్నారు.

"ఏమయ్యా, మీ ఊళ్ళో మలేరియా ఉందా?"

"ఉందండి. ఈ ఇంట్లో లేదండి."

"నాకు ఒళ్ళు కాలిపోతున్నది."

గుమాస్తా కూడా నుదురు పట్టి చూసుకొని "నాకూ అట్లే ఉంది సార్" అన్నాడు.

అప్పుడు చెప్పినా. "సార్, అది జ్వరం కాదండి. ఇంటికి వేడి పెట్టినామండి. గొట్టాలు ఉన్నాయి."

ఆయన నావైపు జాలిగా చూసినారు. "ఊటీలోనే నేను అట్లాంటి ఇల్లు చూడలేదు. గిద్దలూరులో ఇంటికి ఎవడైనా వేడి పెడతాడా? నన్ను సముదాయించొద్దు."

"తాకి చూడండి సార్."

తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "జ్వరంలో ఏది తాకినా అట్లే ఉంటుంది సార్" అని గుమాస్తా అన్నాడు. ఆయన తలూపి క్వినైను మాత్రలు వేసుకున్నారు. "ఊటీ ఎంత చల్లగా ఉండేదయ్యా! ఆ చల్లదనానికే నేను అక్కడ బతికినాను" అని కళ్ళు మూసుకున్నారు. అక్కా, నాకు ఆ మాట ఎవరూ ముందు చెప్పలేదు. నేనూ అడగలేదు.

అంతలో విజిలు కూసింది. మంట కాసేవాడు ఆఫీసరును చూడవచ్చిన జనంతో వాకిట్లో నిలబడిపోయినాడంట. అది రైలు కూతే అనుకొని, తన బండి కదులుతుందని ఆయన లేచి పరుగెత్తినారు. గుమాస్తా పెట్టెతో వెనక. ఊరివాళ్ళు కొంతమంది ఏమిటో తెలియకుండానే వెనక పరుగెత్తినారు. టోపీ మన కుర్చీలోనే ఉండిపోయింది. దాన్ని పట్టుకొని నేను గేటు దాకా పోయి "సార్, సార్" అని అరుస్తున్నా.

అక్కడ నేను అట్ల అరుస్తున్నప్పుడే వంటింట్లో జయలక్ష్మి పడిపోయింది. పెద్ద గొట్టం ఆ గోడలోనే పోతుంది. దానికి తోడు రెండు పొయ్యిలు, మూసిన కిటికీలు. బావ చూసి ఎత్తి పెరట్లోకి తెచ్చినాడు. "తలుపులు తీయరా" అని ఆయన అరిచిన అరుపు విని వెనక్కి వచ్చినా. పెరట్లో చాప మీద పడుకొని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఆఫీసరు అన్నం తిన్నారా?" అని నన్ను అడిగింది. నా చేతిలో ఇంకా ఆ టోపీ ఉంది.

ఆస్పత్రిలో బిడ్డ బాగుందన్నారు. వేడికి సొమ్మసిల్లింది, చల్లటి చోట పడుకోబెట్టమన్నారు. బావ సాయంత్రం బండికి ఆమెను తీసుకొని వచ్చినాడు. స్టేషనులో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎట్ల ఉందో రాయి.

భూషణం


మార్కాపురం,
3-2-1954

భూషణానికి.

జయలక్ష్మి తేరుకుంది. అన్నం తింటున్నది. కొట్టు పక్క వసారాలో మంచం వేసినాము, ఉత్తరపు గాలి బాగా తగులుతుంది. బిడ్డ కదులుతున్నది.

నీ మాట ఎత్తదు. నేనే ఉండబట్టలేక, "పురుడైనాక మూడో నెలలో పంపిస్తాం, నీ ఇంటికి నువ్వు పోతావు" అన్నా. "ఏ ఇంటికి వదినె?" అన్నది. "నీ మొగుడి ఇల్లు నీది కాదా" అన్నా. "అది ఆయనది కూడా కాదు వదినె, దొరది. ఆయన దానికి కాపలా" అన్నది. కోపంతో అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా అన్నది. నేనూ పక్కన కూర్చొని రాళ్ళు ఏరినా.

మీ బావ కోపం తగ్గలేదు. ఆయన కోపం వస్తే పలకలు లెక్కపెడతాడు. రోజూ పెడుతున్నాడు.

సీతారత్నం


మార్కాపురం,
19-3-1954

భూషణానికి.

నువ్వు రెండు నెలలుగా ఉత్తరం రాయలేదు. నిన్న పొద్దున ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల గొంతు పెద్దది. వాళ్ళ నాయన ఎందుకు రాలేదని ఊరంతా అడుగుతున్నారు. జయలక్ష్మి అడగలేదు. ఆమె కూడా అడిగి ఉంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదు.

సీతారత్నం


గిద్దలూరు,
24-3-1954

అక్కయ్యకు నమస్కారం.

కార్డు చేరింది. దుకాణంలో అందరి ముందే చదువుకొని, మళ్ళీ లోపలికి పోయి చదువుకున్నా.

రాయకపోయింది తీరిక లేక కాదు. నాలుగుసార్లు మొదలుపెట్టినా. ప్రతిసారీ బాయిలరు గురించే రాస్తున్నానని చూసి చించేసినా. ఆ సంగతి ఈసారి గబగబా చెప్పేస్తా. కొత్త ఆఫీసు కంభానికి పోయింది. గిద్దలూరు గాలీ నీరూ మంచివి కావని, కాలుపెట్టిన గంటలోనే మనిషికి జ్వరం తగులుతుందని కరుణాకరంగారు రిపోర్టు రాసినారు. ఆ రిపోర్టు చదివి పైవాళ్ళు కంగారుపడి ఇక్కడ మలేరియా నివారణ ఆఫీసు ఒకటి మంజూరు చేసినారు. దానికి ఇల్లు కావాలని మళ్ళీ నా దగ్గరికే వచ్చినారు. ఇల్లంతా ఇచ్చేసినా. కొత్త ఇన్స్పెక్టరు రాగానే కిటికీలన్నీ తెరిపించి, మందు కొట్టించి, ఈ ఇంట్లో ఇంతకుముందు ఎంతమందికి జ్వరం వచ్చిందని నన్ను అడిగినాడు. ఇద్దరికని చెప్పినా. రాసుకున్నాడు. ఊరివాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారు, నావల్ల ఊరికి ఆఫీసు వచ్చిందని. నేను వాళ్ళతో వాదించడం లేదు.

కంభం రోడ్డులో ఒక ఇల్లు తీసుకున్నా. రెండు గదులు, మట్టిమిద్దె, వెనక చిన్న పెరడు. వంటింటికి రెండు కిటికీలు ఉన్నాయి. ఒకటి తెరుచుకునేది కాదు, వడ్రంగిని పిలిచి చెక్కించినా. ఇప్పుడు తెరుచుకుంటుంది. భాగ్యమ్మ వచ్చి చూసి, ఈ ఇంటికైతే వస్తానన్నది. నీళ్ళు నేనే తోడి పోస్తున్నా. చేతులు బొబ్బలెక్కినాయి. జయలక్ష్మి ఆరు నెలల కడుపుతో ఇవి ఎట్ల తోడిందో అడగాలని ఉంది. అడిగే మొహం లేదు.

శుక్రవారం బండికి వస్తున్నా. బావ తిట్టినా సరే. పాపను చూస్తా, బావ కొట్టులో కూర్చుంటా. ఉండమంటే ఉంటా, లేదంటే సాయంత్రం బండికి తిరిగి పోతా. కొత్త ఇంటి సంగతి నువ్వే జయలక్ష్మికి చెప్పు. రమ్మన్నానని మాత్రం చెప్పొద్దు అక్కా. వస్తుందా అని అడిగినానని చెప్పు.

భూషణం